హీట్ పంప్ కొనే ముందు మీటరు పెట్టి చూశాం

చలికాలమంతా ఆయిల్ హీటర్లతో నెట్టుకొచ్చే ఇల్లు మాది. హాల్లో రెండు, వెనుక గదిలో అత్తయ్యకు ఒకటి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు జారిన రోజుల్లో ఈ మూడూ ఆగకుండా పనిచేసేవి. హీటరు ఖరీదైనదైనా చవకదైనా, లోపల నూనె ఉన్నా సిరామిక్ పలక ఉన్నా, ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. అంతకు మించి ఇవ్వడం దాని వల్ల కాదు. గోడకు బిగించే హీట్ పంప్ సంగతి వేరు. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్నదాన్ని లోపలికి మోసుకొస్తుంది. మనం కట్టేది మోత కూలి మాత్రమే. అందుకే ఒక యూనిట్ కరెంటుకు మూడు, చలి తక్కువగా ఉంటే నాలుగు యూనిట్ల వేడి కూడా దక్కుతుంది.

మా ఆయనకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. "బయట నీళ్లు గడ్డకడుతుంటే ఆ గాలిలో వేడి ఎక్కడిది?" అని ఆయన ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. మైనస్ 3 డిగ్రీలు అంటే మనకు గజగజ వణికే చలి, కానీ వేడి అసలే లేని స్థితిని సున్నాగా తీసుకునే కెల్విన్ కొలతలో అది 270. ఆ సున్నాకు అది చాలా దూరం. ఈ యంత్రాల్లో ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో దాదాపు మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. బయట పెట్టిన కాయిల్‌లో పీడనం సర్ది దాన్ని బయటి గాలి కంటే చల్లగా ఉంచితే చాలు, ఆ గాలిలోని వేడి దానిలోకి పారుతుంది. తరువాత కంప్రెసర్ దాన్ని ఒత్తి వేడెక్కించి ఇంట్లోకి పంపుతుంది. లార్డ్ కెల్విన్ ఈ ఆలోచనను 1852లోనే బయటపెట్టాడు. జ్యూరిక్ నగర పాలక భవనంలో 1938 నాటికే నది నీటి నుంచి వేడి లాగే హీట్ పంప్ పనిచేసింది. ఇదంతా విన్నాక ఆయన "సరే, కొందాం. కానీ ఏది?" అన్నారు. అసలు కథ అక్కడ మొదలైంది.

దుకాణానికి వెళ్లగానే అడిగేది ఒకే ప్రశ్న: గది ఎన్ని చదరపు అడుగులు? చెప్పగానే వేళ్ల మీద లెక్క వేసి ఒక టన్ను అనో, రెండు టన్నులు అనో తేల్చేస్తారు. ఆ లెక్కలో గోడ ఇటుకదా కాంక్రీటుదా, కిటికీకి ఒక అద్దమా రెండు అద్దాలా, పైన ఇంకో అంతస్తు ఉందా లేక ఎండకూ చలికీ తెరుచుకున్న డాబానా అన్నది ఉండదు. ఒకే కొలత ఉన్న రెండు గదులకు అవసరమైన వేడిలో రెట్టింపు తేడా ఉండవచ్చు. నాకు ఆ లెక్క నచ్చలేదు. ఇంట్లో ఇన్నేళ్లుగా హీటర్లు నడుస్తుండగా, గదికి ఎంత వేడి కావాలో చెప్పడానికి ఇంకెవరో ఎందుకు?

ప్లగ్గుకూ హీటరుకూ మధ్య పెట్టే చిన్న కరెంటు మీటర్లు రెండు తెచ్చాం. బాగా చలి వేసిన ఒక రాత్రి హాల్లో కిటికీలు, తలుపులు మూసి, రెండు హీటర్లూ కలిసి గదిని 20 డిగ్రీల దగ్గర నిలిపేలా సరిచేశాను. బయట ఒక థర్మామీటరు, లోపల కుర్చీ ఎత్తులో ఇంకొకటి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రెండు మీటర్లూ కలిపి 14 యూనిట్లు చూపించాయి. ఎనిమిది గంటలకు 14 యూనిట్లు అంటే సగటున 1.75 కిలోవాట్లు. బయట ఆ రాత్రంతా మైనస్ 3 అటూ ఇటుగా ఉంది, అంటే లోపలికీ బయటికీ 23 డిగ్రీల తేడా. భాగిస్తే ఒక్కో డిగ్రీకి సుమారు 76 వాట్లు. ఇక మిగతాదంతా ఎక్కాల పని. మా దగ్గర ఎప్పుడో వచ్చే మైనస్ 8 రాత్రికి సుమారు 2.1 కిలోవాట్లు కావాలి. బయట 10 డిగ్రీలు ఉండే రోజుకు ముప్పావు కిలోవాట్ చాలు.

రాత్రిపూటే కొలవడానికి కారణం ఉంది. పగలు ఎండ కిటికీలోంచి ఎంత వేడి తెస్తుందో మీటరుకు తెలియదు. మనుషులు కూర్చున్నా లెక్క మారుతుంది. ఊరికే కూర్చున్న ఒక్క మనిషి ఒంటి నుంచే దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. అందుకే ఆ రాత్రి హాల్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. టీవీ చూడనివ్వలేదని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఈ లెక్క చేతిలో పట్టుకుని మళ్లీ దుకాణానికి వెళ్లాం.

"మేడమ్, మీ హాలుకు కళ్లు మూసుకుని రెండు టన్నులు పెట్టించండి. ఐదు నిమిషాల్లో గది వెచ్చబడిపోతుంది."

"వెచ్చబడ్డాక ఎంత తక్కువకు దిగి నడుస్తుందండీ?"

"దిగడం దేనికి మేడమ్? పెద్ద మిషన్ కదా!"

ఆయన తప్పేమీ లేదు. కొనేవాళ్లు ఎక్కువ మంది పెద్ద అంకెనే అడుగుతారు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, మన లెక్కలో సుమారు 3.5 కిలోవాట్లు. రెండు టన్నులంటే 7. మా హాలుకు అతి చలి రాత్రి కావలసింది 2.1. చలికాలంలో ఎక్కువ రోజులు కావలసింది ఒక కిలోవాట్ కంటే కాస్త ఎక్కువ. ఇన్వర్టర్ యంత్రం, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేది, ఆ వేగం తగ్గించుకుని నెమ్మదిగా తిరిగినప్పుడే పొదుపుగా పనిచేస్తుంది, ఎందుకంటే కాయిల్ పెద్దదిగా ఉండి దాని గుండా పోయే వేడి కొంచెమే ఉంటుంది. అయితే ప్రతి యంత్రానికీ ఒక కనీస స్థాయి ఉంటుంది. అంతకంటే తక్కువ వేడి చాలనుకుంటే అది ఆగిపోవడం, మళ్లీ లేవడం, మళ్లీ ఆగడం తప్ప చేసేదేమీ లేదు. మాకు చూపించిన పెద్ద యంత్రం కనీస స్థాయి దాదాపు 2 కిలోవాట్లు. అంటే మా ఇంట్లో అది చలికాలమంతా ఆగుతూ లేస్తూనే ఉండేది. గది ఒకసారి ఉక్కగా, ఒకసారి చల్లగా. ఇన్వర్టర్‌కు పెట్టిన డబ్బు గాలికి.

అప్పటి నుంచి నేను అడిగినవి రెండే అంకెలు. బయట మైనస్ 7 ఉన్నప్పుడు ఎంత వేడి ఇస్తుంది? ఎంత కనిష్ఠానికి దిగి ఆగకుండా నడుస్తుంది?

ఈ రెండూ అట్టపెట్టె మీద దొరకవు. పెట్టె మీది టన్నులు చల్లదనానికి సంబంధించినవి: బయట 35, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. వేడికి ఇచ్చే పెద్ద అంకెను బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. ఏడు డిగ్రీలంటే హీట్ పంప్‌కు హాయిగా ఉండే వాతావరణం. ఏసీలను, హీట్ పంపులను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5151లో 7 డిగ్రీలతో పాటు 2 డిగ్రీలకు, మైనస్ 7కు కూడా పరీక్షలు ఉన్నాయి. ఆ అంకెలు ఇంజనీర్ల కోసం వేసే సాంకేతిక పుస్తకంలో, పట్టికల రూపంలో ఉంటాయి. కంపెనీ సైటులో వెతికితే చాలా మోడళ్లకు దొరుకుతాయి. దొరకని మోడళ్లను నేను పక్కన పెట్టేశాను. వేసవి చల్లదనం కోసం చేసి, వేడి మీటను అదనంగా తగిలించిన హాట్ అండ్ కోల్డ్ ఏసీలకు సాధారణంగా ఈ పట్టిక ఉండదు.

మధ్యలో ఉన్న ఆ 2 డిగ్రీల వరుసను తప్పకుండా చదవాలి. గాలిలో తేమ ఉండి, బయట సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య ఉన్నప్పుడే బయటి కాయిల్ మీద మంచు ఎక్కువగా పేరుకుంటుంది. అప్పుడు యంత్రం కాసేపు తన పని తిరగేసి, ఇంట్లోని వేడినే వెనక్కి లాగి ఆ మంచు కరిగించుకుంటుంది. దీన్ని నేను కొనక ముందే దగ్గర నుంచి చూశాను. తెలిసినవాళ్ల ఇంటి వెనుక నిలబడి ఉండగా, బయటి యూనిట్ ఫ్యాను ఉన్నట్టుండి ఆగింది. లోపల ఎక్కడో వాల్వు తిరిగి బుస్సుమంది. తెల్లగా పూసిన కాయిల్ అంచుల నుంచి కింది వైపుకు చారలుగా నల్లబడుతూ వచ్చింది, అడుగున చిల్లుల్లోంచి నీళ్లు ధారగా కారాయి, ఆ తరువాత దట్టంగా ఆవిరి లేచింది. తెలియనివాళ్లు యంత్రం కాలిపోయిందని పరుగెత్తుతారు. కొద్ది నిమిషాల్లో మళ్లీ బుస్సుమని శబ్దం, ఫ్యాను తిరగడం. లోపల గదిలో గాలి ఆగి, రెక్క సగం మూసుకుని ఉంది. ఈ విరామాలన్నీ కలుపుకుని ఇచ్చే వేడినే 2 డిగ్రీల వరుస చూపిస్తుంది. చాలా మోడళ్లలో అది 7 డిగ్రీల అంకె కంటే బాగా తక్కువ. బయట అడుగు పళ్లెంలో నీళ్లు మళ్లీ గడ్డకట్టకుండా చిన్న హీటరు ఉందా అని కూడా అడగాలని అక్కడే తెలుసుకున్నాను.

చివరకు ఎంచుకున్నది ముప్పావు టన్ను యంత్రం. 9,000 బీటీయూలు. మైనస్ 7 దగ్గర 3 కిలోవాట్లు ఇస్తుంది, కనిష్ఠంగా 0.8కి దిగుతుంది. మైనస్ 8కి కావలసిన 2.1కీ, ఈ 3కీ మధ్య ఉన్న మిగులు మంచు కరిగే విరామాలకూ, ఊరి నుంచి వచ్చి చల్లబడిన ఇంటిని వేడెక్కించడానికీ సరిపోతుంది. దుకాణంలో అతను బిల్లు రాస్తూ కూడా "హాలుకా మేడమ్, చిన్న బెడ్‌రూమ్‌కా?" అని మరోసారి అడిగాడు.

గ్యాస్ విషయంలో పెద్దగా తర్జనభర్జన పడలేదు. పాత ఆర్-410ఏ యంత్రాలు కొన్ని తక్కువ ధరకు కనిపించాయి. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే అది 2,088 రెట్లు; ఆర్-32 అయితే 675; ప్రొపేన్, అంటే ఆర్-290, సుమారు 3. ఇలాంటి గ్యాసులను తగ్గించడానికి 2016లో కిగాలీలో దేశాలు ఒప్పందానికి వచ్చాయి. కనుక ఆర్-410ఏ యంత్రానికి ముందు ముందు గ్యాస్ దొరకడం కష్టమే. ప్రొపేన్ యంత్రం మాకు కావలసిన సైజులో కనిపించలేదు. ఆర్-32 తీసుకున్నాం.

అత్తయ్య గది మాత్రం చాలా రోజులు తేలలేదు. హాల్లో ఉన్న యూనిట్ తలుపు మూసిన గదిని వెచ్చబెట్టలేదు. గోడ ఎక్కి దిగే మాయ దానికి లేదు. ఒకే బయటి యూనిట్‌కు రెండు మూడు లోపలి యూనిట్లు తగిలించే మల్టీ స్ప్లిట్ తీసుకోమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, బయట ఒకే పెట్టె. కానీ పట్టిక తీసి చూస్తే ఆ బయటి యూనిట్ కనిష్ఠ స్థాయి మా హాలు, గది రెండింటి అవసరం కలిపినా ఎక్కువగానే ఉంది. పైగా అది పాడైతే రెండు గదులూ ఒకేసారి చల్లబడతాయి. వద్దనుకున్నాం. పగలు వెనుక గది తలుపు తెరిచి ఉంచడం, రాత్రి అక్కడ ఆయిల్ హీటరును తక్కువలో పెట్టడం అని తీర్మానించాం.

"నాకేం ఫరవాలేదమ్మాయ్, ముందు హాలు సంగతి చూడండి" అన్నారు అత్తయ్య. తరువాతి ఏడాది ఆవిడ గదికి విడిగా ఇంకో చిన్నది పెట్టించాలన్న ఆలోచన మాత్రం అలాగే ఉంది.

ఎక్కడ బిగించాలన్న దాని మీద ఇంట్లో జరిగినంత చర్చ యంత్రం మీద జరగలేదు. మా ఆయన తలుపు పైన ఉన్న ఖాళీ చోటు చూపించారు, అందంగా ఉంటుందని. అది సీలింగుకు ఆనుకున్నంత దగ్గర. వేడి గాలి ఎలాగూ పైకి లేస్తుంది. యూనిట్ కూడా పైనే ఉంటే తాను వదిలిన వేడి గాలినే తాను మళ్లీ పీల్చుకుని, గది వెచ్చబడిపోయిందని అనుకుంటుంది. కింద కూర్చున్నవాళ్ల కాళ్లు చల్లగానే ఉంటాయి. సూచనల పుస్తకంలో పైన వదలమన్న ఖాళీ కనీసం మాత్రమే. మేము ఇంకాస్త కిందికి దించి, హాలు పొడవునా గాలి పారేలా పొట్టి గోడ మీద పెట్టించాం. బయటి యూనిట్‌ను పడకగది గోడకు ఒప్పుకోలేదు. కంప్రెసర్ వణుకు గోడలోంచి దిండు దాకా వస్తుంది. నేల మీద చిన్న దిమ్మె, దాని మీద రబ్బరు పాదాలు. వెనుక వైపు గాలి పీల్చుకోవడానికి ఖాళీ.

శబ్దం అంకెలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీలు ధ్వని పీడనాన్ని ఇస్తాయి, అంటే ఒక మీటరు దూరంలో వినిపించేది. కొన్ని ధ్వని శక్తిని ఇస్తాయి, అంటే యంత్రం మొత్తంగా వెలువరించేది. రెండూ డెసిబెల్సే. ఒకే యంత్రానికి ఈ రెండింటి మధ్య 8 డెసిబెల్స్ పైగా తేడా రావచ్చు. దేనితో దేన్ని పోలుస్తున్నామో చూసుకోకపోతే నిశ్శబ్దంగా ఉండేదాన్ని గోలదని వదిలేస్తాం.

ఇక బిగింపు. యంత్రం ఎంత మంచిదైనా దీని తరువాతే, నా దృష్టిలో. మొదట వచ్చిన మెకానిక్ చేతిలో గొట్టాల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు లేదు. "చిన్న మిషనే కదా మేడమ్, కాస్త గ్యాస్ వదిలి గాలి బయటికి తోసేస్తే సరిపోతుంది" అన్నాడు. గొట్టాల్లో తేమ మిగిలితే కంప్రెసర్ నూనె దాన్ని పీల్చుకుని లోపల ఆమ్లం తయారవుతుంది. పైగా గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదలడం. మర్యాదగానే వద్దని చెప్పి పంపించాం. వాక్యూమ్ గేజి ఉందా అని ముందే ఫోనులో అడిగి ఇంకొకరిని పిలిచాం.

ఆ రెండో అతని పని చూస్తుంటే ముచ్చటేసింది. రాగి గొట్టాన్ని చిన్న చక్రపు కత్తితో గుండ్రంగా తిప్పుతూ కోసి, కోసిన మూతిని నేల వైపు వంచి లోపలి గరుకు గీకాడు, రాగి పొడి గొట్టంలోకి జారకుండా. మూతిని గరాటులా విప్పి, వేలితో ఒకసారి చుట్టూ తడిమి, నచ్చక ఆ ముక్క కోసేసి మళ్లీ విప్పాడు. నట్టు బిగించింది టార్క్ రెంచితో. టక్‌మని చప్పుడు రాగానే ఆపేశాడు. అతిగా బిగిస్తే రాగి పలచబడి చీలుతుంది, తక్కువైతే గ్యాస్ కారుతుంది. తరువాత నైట్రోజన్ నింపి, సబ్బు నురుగు రాసి బుడగలు వస్తాయేమో చూశాడు. ఆపైన వాక్యూమ్ పంపు. మామూలు గాలి పీడనం ఆ గేజిలో 7,60,000 మైక్రాన్లు. అతను దాన్ని 500 దిగువకు దింపి, పంపు ఆపి, వాల్వు మూసి, టీ తాగుతూ గేజి వైపే చూస్తూ కూర్చున్నాడు. అంకె పైకి పాకితే ఎక్కడో లీకు ఉన్నట్టు, లేదా లోపల తేమ మిగిలినట్టు. పాకలేదు. అప్పుడే గ్యాస్ వాల్వు తెరిచాడు. డ్రెయిన్ గొట్టం వాలు చూడటానికి లోపలి పళ్లెంలో ఒక చెంబెడు నీళ్లు పోసి, బయట వస్తున్నాయో లేదో మా ఆయన్ని చూడమన్నాడు.

మొదటి సాయంత్రం అత్తయ్య యూనిట్ కింద నిలబడి చేయి చాపి చూశారు. "అమ్మాయ్, ఇది గోరువెచ్చగానే ఉందే? పాత హీటరు దగ్గర చేయి పెడితే చురుక్కుమనేది." నిజమే, ఇది వదిలే గాలి దాదాపు 40 డిగ్రీలే. దీనికి ఎదురుగా కూర్చుని చలి కాచుకోవడం కుదరదు. గది మొత్తం మెల్లగా వెచ్చబడుతుంది, అలాగే ఉండిపోతుంది. ఆవిడకు అది అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది. కుర్చీని హీటరు వైపు తిప్పుకునే అలవాటు మాత్రం త్వరగానే పోయింది.

నడిపే తీరు కూడా మార్చుకోవలసి వచ్చింది. చలి వేస్తే వేయడం, వెచ్చబడితే ఆపడం అన్న హీటరు పద్ధతి దీనికి పడదు. చల్లబడిన గోడలను మళ్లీ వేడెక్కించడానికి అది పూర్తి వేగంతో తిరగాలి, ఆ వేగంలోనే కరెంటు ఎక్కువ. మేము పగలూ రాత్రీ వదిలేస్తాం. రిమోట్‌లో 22 పెడితే కుర్చీ ఎత్తులో 20 ఉంటోంది, ఎందుకంటే దాని సెన్సారు ఉన్నది పైన. రెక్కను బాగా కిందికి వంచి ఉంచాలి. ఆటో మోడ్ జోలికి పోవద్దు. మధ్యాహ్నం ఎండకు గది కాస్త వేడెక్కగానే అది చల్లదనానికి మారిపోయే ప్రమాదం ఉంది.

ఈ చలికాలంలో మైనస్ 3 చుట్టూ ఉన్న రాత్రి ఒకటి దొరికితే, పది నుంచి ఆరు వరకు మళ్లీ లెక్క చూశాను. మంచు కరిగిన విరామాలతో సహా 5 యూనిట్లు. బయట 10 డిగ్రీలు ఉన్న రోజు అది 200 వాట్ల లోపే లాగుతూ, దాదాపు ఆగకుండా, వింటే తప్ప వినిపించకుండా తిరుగుతోంది.

మిగిలిన పని ఫిల్టరు. రెండు వారాలకోసారి ముందు పలక ఎత్తి, రెండు జాలీలు లాగి, నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే అదే వేడికి కరెంటు పెరుగుతుంది. ఆ పని మా ఆయనకు అప్పగించాను. టీవీ ఆపకుండానే చేసుకోవచ్చని చెప్పాను.